ఊడాల్సిన బరువు

రుషికొండలో డైవింగ్‌కెళ్లే మాకు ఆటోనగర్‌లో పనేంటంటారా? సీసం! వెట్‌సూట్ వేస్తే మనిషి తేలిపోతాడు. మునగాలంటే నడుముకి బరువు కట్టాలి. సీసం నీటికన్నా 11 రెట్లు బరువు, ఇనుము 8 రెట్లు కూడా లేదు. అందుకే చిన్న సీసం బిళ్లలు చాలు.

ఎన్ని కట్టాలన్నదే అసలు లెక్క. గాలి వాడేకొద్దీ సిలిండర్ రెండు కిలోలకు పైగా తేలికవుతుంది. డైవ్ చివర్లో, 5 మీటర్ల లోతులో, దాదాపు ఖాళీ సిలిండర్‌తోనూ కదలకుండా ఆగగలగాలి. తక్కువైతే పైకి తన్నేస్తుంది. ఎక్కువైతే... చెప్పక్కర్లేదు.

బెల్టు పట్టేలా బిళ్లల గాడి వెడల్పు చేయిస్తుంటే, “బోల్టు బిగించేద్దునా?” అన్నాడు మేస్త్రీ.

“వద్దు బాబాయ్, ప్రాణం మీదికొస్తే ఒక్క చేత్తో లాగి పడేయాలి.”

“ఏటి బాబూ! లారీకి ఊడకూడదని బిగిస్తాం, మీకు ఊడాలా?” అని నవ్వి, బెల్టు కోసుకుపోకుండా గాడి అంచులు నున్నగా రాకిచ్చాడు.