గుర్తు లేని కార్డు



పోయిన వేసవిలో ఒక ఆదివారం సాయంకాలం సండేస్కూలు టీచరమ్మ మా ఇంటికి వచ్చి, గడప దగ్గరే నిలబడి, చెప్పలేక చెప్పింది. ఐదు వారాలుగా మా చిన్నవాడు కానుక సంచిలో ఏమీ వేయలేదట. ప్రతి ఆదివారం వాడి చేతిలో పది రూపాయలు పెట్టి పంపినది మేమే. సేవకుని ఇంటిలోనే ఇట్లా జరిగెనే అని మా తల వాలిపోయింది.

వెదకగా ట్రంకుపెట్టె వెనుక ఒక బిస్కెట్ డబ్బా దొరికింది. దాని నిండా బొమ్మల కార్డులు, బంగారు రంగులో తళతళలాడుతున్నాయి. నందికొట్కూరులో ఒక అంగడిలో మూసిన ప్యాకెట్లలో కొన్నాడట. కోపం పట్టలేక చెయ్యి చేసుకున్నాము. వాడు ఏడుస్తూ, "అందరి దగ్గరా ఉండే కార్డులుంటే ఆటలోకి రానియ్యరు నాయనా. ఒక్క అరుదైనది వస్తే చాలనుకున్నా" అన్నాడు.

ఆ మాటకు మా చిన్నతనం జ్ఞాపకం వచ్చింది. ఊరి చిల్లర అంగట్లో లాటరీ అట్ట వేలాడేది. అట్ట పైన కట్టిన పెద్ద బుడగ కోసం ఎన్ని చీటీలు చింపామో! చేతికి వచ్చినది ఎప్పుడూ పిప్పరమెంటే. పెద్దవారమైన తరువాత మాత్రం మారామా? తొలకరి పడగానే కర్నూలు జిల్లా తుగ్గలి, జొన్నగిరి చేలలో పనులు మాని, వజ్రం కోసం నడుములు వంచి వెదికేవారు ఎందరు లేరు!

నాలుగు దినాలకు బెంగళూరులో ఉద్యోగం చేసే మా బావమరిది వచ్చాడు. డబ్బా చూసి నవ్వి, "ఇవి నకిలీవి అల్లుడూ. అన్నిటికీ బంగారు పూతే. అన్నీ మెరిస్తే ఇంక అరుదైనది ఏది?" అన్నాడు. మళ్లీ వచ్చినప్పుడు నిజమైన పోకెమాన్ కార్డులలో కొత్తగా నేర్చుకునేవారి కట్ట ఒకటి తెచ్చాడు. అరవై కార్డులు. మమ్మును కూడా చాపమీద కూర్చోబెట్టి నేర్పాడు.

ఈ తరహా ఆట 1993లో అమెరికాలో మొదలైంది. గణితము చదివిన రిచర్డ్ గార్ఫీల్డ్ అనే ఆయన 'మేజిక్: ద గ్యాదరింగ్' అనే ఆటను కల్పించాడు. అప్పటి పదిహేను కార్డుల ప్యాకెట్టులో అరుదైనది ఒకటి, కొంచెం అరుదైనవి మూడు, మామూలువి పదకొండు ఉండేవి. పోకెమాన్ కార్డులు 1996లో జపానులోను, 1999లో ఆంగ్లములో అమెరికాలోను వచ్చాయి. వాటి అడుగు మూలన చిన్న గుర్తు ఉంటుంది. మామూలు దానికి గుండ్రని చుక్క, కొంచెం అరుదైన దానికి డైమండు, అరుదైన దానికి నక్షత్రము. ఎక్కువ అచ్చువేస్తే చుక్క, తక్కువ అచ్చువేస్తే నక్షత్రము. జపానులో 1990లలో బొమ్మల పోటీ గెలిచినవారికి బహుమానంగా ఇచ్చిన ఒక కార్డును 2021లో ఒకాయన 52 లక్షల డాలర్లకు పైగా ఇచ్చి కొన్నాడట! వజ్రాన్ని దేవుడు నేలలో దాచాడు. కార్డు ఎంత అరుదో అచ్చువేసినవాడు నిర్ణయించాడు. తేడా అంతే.

అయితే ఆటలోకి దిగాక మాకు వేరే సంగతి కనబడింది. 1999 నాటి కార్డులలో పిల్లలందరూ కోరుకున్నది చారిజార్డ్. దానికి నక్షత్రము ఉంది. కాని దానిని నేరుగా ఆటలో పెట్టడానికి లేదు. మొదట చుక్క గుర్తు గల చార్మాండర్, దాని మీద డైమండు గుర్తు గల చార్మీలియన్, ఆ తరువాతనే చారిజార్డ్. అది దెబ్బ కొట్టాలంటే నాలుగు అగ్ని శక్తులు కావాలి. మూల శక్తి కార్డులకు ఏ గుర్తూ లేదు! ఒకే పేరు గల కార్డులు కట్టలో నాలుగుకు మించరాదని నియమము. ఈ మూల శక్తి కార్డులకు మాత్రం ఆ హద్దు లేదు. అవి లేక ఆట నడవదు గనుక.

మావాడు కాసేపు చూసి, "అయితే గుర్తు లేనివే పెద్దదాన్ని మోస్తాండాయి మామా!" అన్నాడు. తరువాత మా వైపు తిరిగి, "మన సండేస్కూల్లో కూడా అంతే గదా నాయనా. క్రిస్మస్‌కు నువ్వు ముందు నిలబెట్టేది నక్షత్రం వాళ్లనే. నేను ఎప్పుడూ వెనకనే" అన్నాడు.

మా నోట మాట రాలేదు. యాకోబు పత్రిక రెండవ అధ్యాయము మీద ఎన్నిసార్లు ప్రసంగించాము! అయినా పట్నం నుండి ఏడాదికొకసారి వచ్చే ఉద్యోగస్థునికి పూలదండ, ముందు కుర్చీ. ప్రతి శనివారం మందిరము ఊడ్చి, తన కూలిలోనుండి పిడికెడు బియ్యము తెచ్చే అవ్వ పేరు వేదిక మీద ఎప్పుడైనా పలికామా? బలహీనముగా కనబడే అవయవములే మరి అవసరమని పౌలు కొరింథీయులకు వ్రాశాడు. ప్రభువు కాలంలో ఒక కాసుకు రెండు పిచ్చుకలు, రెండు కాసులకైతే ఐదు. అంటే ఐదవది ఊరికే వచ్చినది, వెల లేనిది. దానిని కూడా దేవుడు మరువడని ప్రభువు సెలవిచ్చాడు.

ప్రియ తలిదండ్రులారా, మీ పిల్లల దగ్గర ఇట్టి కార్డులు చూస్తే మావలె తొందరపడి చెయ్యి ఎత్తవద్దు. మూసిన ప్యాకెట్టు ఆశ ఎట్టిదో విడమర్చి చెప్పండి. కొనక తప్పదనుకుంటే, లోపల ఏమున్నదో ముందే తెలిసే ఆరంభపు కట్ట ఒక్కటి కొని, వారితో కూర్చుని ఆడండి. వాడు మందిరము వెనుక మొక్కలకు నెల దినాలు నీళ్లు పోసి, మేమిచ్చిన యాభై రూపాయలు తన చేతితోనే కానుక సంచిలో వేశాడు. కొట్టినందుకు మేము వాడిని క్షమాపణ అడిగాము.

ఆ ఆదివారమే ఆరాధనలో మొదటి ప్రార్థన చేయమని అవ్వను పిలిచాము. ఆమె వణుకుతూ లేచింది. నాలుగే మాటలు. వాన కోసం, బిడ్డల కోసం, జబ్బుపడినవారి కోసం, చివరకు "మా అయ్యగారి కోసం" అంది. ఆ దినము మేము చెప్పిన ప్రసంగము ఎవరికీ జ్ఞాపకము లేదు. ఆ ప్రార్థన మాత్రం నేటికీ చెప్పుకుంటారు.

గుర్తు లేనివారిని గుర్తించే కన్నులు ప్రభువు మనకు దయచేయును గాక. ఆమేన్.