దిద్దుబాటు

పల్నాడు జిల్లా ఏర్పడిన 2022లోనే మా మావయ్యను గుంటూరు ఆస్పత్రి నుంచి కారెంపూడి దగ్గర పల్లెకు తెచ్చేశాం. కడుపులో మొదలైన కేన్సర్ కాలేయానికి పాకింది. వసారాలో మంచం వేశాం. వచ్చినవాళ్ళంతా అడిగేది ఒకటే: "ఏమన్నా తిన్నాడా?" జవాబు అత్తయ్య చెప్పేది. ఎనభై ఏళ్ళ మనిషిని ఎదురుగా పెట్టుకుని, ఆయన లేనట్టే మాట్లాడుకునేవాళ్ళం. నేనూ అంతే.

ఒక సాయంత్రం ఊరికే అడిగా. "మావయ్యా, సాగర్ డ్యాం పనికి పోయినప్పుడు నీకెన్నేళ్ళు?"

కళ్ళు తెరిచాడు. "పద్దెనిమిది నిండలా."

1955లో నెహ్రూ శంకుస్థాపన చేసిన ఆ రాతి కట్టకు రాళ్ళు మోసింది మనుషులే. కర్రల పరంజా మీద, బరువుకు ఊగే దారిలో, కింద కృష్ణ. చెబుతూ చెబుతూ నా వేళ్ళు పట్టుకుని ఎడమ భుజం మీద పెట్టుకున్నాడు. ఒళ్ళు కరిగి ఎముకలు తేలాయిగానీ, అప్పటి కాయ మాత్రం గట్టిగా చేతికి తగిలింది.

ఆ రోజు నుంచి మార్ఫిన్ మాత్ర పనిచేసే వేళ చూసి పావుగంట కూర్చునేవాణ్ణి. ఫోన్లో రికార్డు చేసి, రాత్రి రాసి, మర్నాడు చదివి వినిపిస్తే తప్పులు పట్టేవాడు. "ఎద్దుల్లో ఎలపట కట్టింది మైలదాన్ని కాదురా, ఎర్రదాన్ని!" కసురుకున్నాడు కూడా. ఆ కసురు విని ఎన్నాళ్ళయిందో.

కెనడాలో హార్వే చోచినోవ్ అనే మానసిక వైద్యుడు సరిగ్గా ఇదే పద్ధతిని చికిత్సగా మలిచాడని తరవాత చదివాను. 2005లో ఆయన ప్రచురించిన పరిశీలనలో, చావుకు దగ్గరైన వంద మందిలో 76 మంది తమ గౌరవం పెరిగినట్టనిపించిందన్నారు. 2011 నాటి పెద్ద పరీక్షలో మాత్రం బాధ కొలతల్లో చెప్పుకోదగ్గ తేడా తేలలేదు. అయినా మేలు జరిగిందనే చెప్పారు రోగులు. నమ్ముతాను. మావయ్య నొప్పిని తగ్గించింది మాత్రే, నా కాగితాలు కావు.

కాలవ నీళ్ళతో జొన్న చేలు మాగాణి అయినాయి, తగాదాలూ వచ్చాయి. బోదె దగ్గర తమ్ముడు మావయ్యను పారతో కొట్టాడని మా ఇంట్లో అందరికీ తెలిసిన కథ. అలాగే రాశాను. చదువుతుంటే చెయ్యెత్తాడు.

"కొట్టెయ్యి."

కొట్టేశాను. కాసేపాగి, "వద్దు, ఉండనీ. కానీ ముందు పార ఎత్తింది నేనని రాయి" అన్నాడు.

అత్తయ్య చేతిలో చేట ఆగిపోయింది. ఏమీ అనకుండా లోపలికి పోయింది.

కార్తీక అమావాస్యకు కారెంపూడిలో పల్నాటి యుద్ధ వీరుల తిరణాల. ఆ యుద్ధమూ అన్నదమ్ములదేగా. చాపకూడు తిని తిరిగి వెళ్తూ చిన్న మావయ్య వచ్చాడు, చాలా ఏళ్ళకు. మంచం కాళ్ళ వైపు కూర్చున్నాడు. చదవమన్నారు. ఆ వాక్యం దగ్గర నా గొంతు తడబడింది.

"ఆగావేం? చదువు" అన్నాడు మావయ్య.

చదివాను. చిన్న మావయ్య కండువాతో మొహం తుడుచుకున్నాడు.

"ఆ రాత్రి నీళ్ళ వంతు మాత్రం నాదే. అదీ రాయి అల్లుడా."