గోడ మీది క్రోటన్

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసివ్వమని హాస్టల్ తమ్ముళ్ళు మొన్న మా ఇంటికి వచ్చారు. చదువు గురించో, క్రమశిక్షణ గురించో రాస్తానని అనుకొని ఉంటారు. అవి రాసేవాళ్ళు చాలామంది ఉన్నారు. నేను మొక్కల గురించి రాస్తాను. అవి కూడా పూలు పూసేవో, కాయలు కాసేవో కాదు, ఉత్త ఆకుల మొక్కలు.

1994లో ఎనిమిదో తరగతి చదవడానికి నేను నరసాపురంలో ఈ సాంఘిక సంక్షేమ హాస్టల్‌లో చేరాను. బడికి వెళ్ళే దారిలో ఒక మేడ ఉండేది. దాని ప్రహరీ గోడ మీదుగా ఒక క్రోటన్ కొమ్మ రోడ్డు మీదికి వాలి ఉండేది. పొడవాటి ఆకు, పసుపు మీద ఎర్రటి ఈనెలు, ముదిరిన ఆకులు వంకాయ రంగు. మా పేటలో మొక్క అంటే మునగ, బొప్పాయి, ఇంటి కప్పు మీదికి పాకించిన ఆనపపాదు. తినడానికి పనికిరాని మొక్కకు కూడా రోజూ నీళ్ళు పోస్తారని నాకు అప్పటిదాకా తెలియదు.

ఒకరోజు కింద రాలిన ఆకు ఒకటి ఏరుకొని చూస్తున్నాను. గేటులోంచి ఒకావిడ "ఏయ్, హాస్టలు పిల్లాడివేనా? గోడకి దూరంగా నడు" అని కసిరింది. ఆకు అక్కడే పడేసి వచ్చేశాను. ఆ రాత్రి అన్నం సయించలేదు. ఆకు పోయినందుకు కాదు. నా పేరూ, మా ఊరూ అడగకుండానే నేనెవరో ఆవిడకు తెలిసిపోయినందుకు.

మా హాస్టల్‌లో కమాటీగా పనిచేసే తాతకు ఈ సంగతి చెప్పాను. ఆయన ఏమీ అనలేదు. నాలుగు రోజుల తర్వాత జానెడు కొమ్మ తడిగుడ్డలో చుట్టి తెచ్చాడు. ఆ మేడలో తోటపని చేసే మనిషి ఆయనకు వియ్యంకుడట. కత్తిరించి పారేసిన కొమ్మే అది. "ఆకులు సగానికి కోసెయ్యరా బుల్లోడా, లేపోతే ఉన్న తడంతా అయ్యే లాగేత్తాయి" అన్నాడు. కోస్తుంటే పాలు కారి నా తెల్ల చొక్కా మీద పడ్డాయి. ఎండాక గోధుమరంగు మరకైంది. ఎంత తోమినా పోలేదు. నాకున్నవి రెండే చొక్కాలు. ఆ ఏడాదంతా ఆ మరకతోనే బడికి వెళ్ళాను.

స్నానాల గది వెనక, కుళాయి నీళ్ళు పారే చోట నాటాం. నెల దాటాక చిగురు వేసింది. నా ఆనందం ఎంతోకాలం నిలవలేదు. వచ్చిన ఆకులన్నీ పచ్చగానే వచ్చాయి! తాత వేరే మొక్క ఏదో తెచ్చి ఇచ్చాడని అనుకున్నాను. పాపం, ఆయనతో రెండు రోజులు మాట్లాడలేదు కూడా. మా సైన్సు మాస్టారు చూసి నవ్వి "నీడలో పెట్టి రంగు రాలేదంటే ఎలారా? క్రోటన్‌కు ఎండ తగలాలి" అన్నారు. వేరుమట్టి చెదరకుండా తీసి, పొద్దుటి ఎండ పడే చోట పాతాం. తర్వాత వచ్చిన చిగుళ్ళలో పసుపు కనిపించింది. ఎరుపు తేలడానికి ఇంకా చాలా రోజులు పట్టింది.

ఆ మాస్టారే ఒకసారి తెల్ల మచ్చలున్న కోలియస్ మొక్కను రెండు రోజులు చీకటి గదిలో పెట్టించి, తర్వాత ఎండలో పెట్టి ఒక ఆకు కోయించారు. దాన్ని ముందు నీళ్ళలో, ఆ తర్వాత వేడినీళ్ళ గిన్నెలో నిలబెట్టిన స్పిరిట్‌లో ఉడికించి, కడిగి, అయోడిన్ వేశారు. పచ్చగా ఉన్న చోటల్లా నల్లబడింది, అంటే అక్కడ పిండిపదార్థం ఉంది. తెల్లగా ఉన్న చోట లేదు. "పత్రహరితం లేని చోట వంట లేదురా. పచ్చభాగం వండిపెడితే తెల్లభాగం తిని బతుకుతుంది" అన్నారు. క్లాసంతా నవ్వింది. నాకెందుకో మా అమ్మ గుర్తొచ్చింది.

మా అమ్మ లేసు అల్లేది. నరసాపురం చుట్టుపక్కల ఊళ్ళలో ఆ పని తెలియని ఆడవాళ్ళు తక్కువ. ఏజెంటు నూలు ఇచ్చి వెళ్ళేవాడు, అల్లాక పట్టుకెళ్ళేవాడు. అవి ఏ దేశంలోనో బల్లల మీద పరుచుకునేవారట. మా ఇంట్లో మాత్రం ఒక్క ముక్క పరిచింది లేదు.

1996 నవంబరు తుఫాను కోనసీమలో కొబ్బరితోటలను నేలమట్టం చేసిన రాత్రి మాకూ గాలి బాగా కొట్టింది. తెల్లారి చూస్తే నా క్రోటన్‌కు ఒక్క ఆకు లేదు, ఉత్త కర్ర మిగిలింది. అది మళ్ళీ చిగిర్చింది. పదో తరగతి పరీక్షలయ్యాక దాని కొమ్మ ఒకటి ట్రంకు పెట్టెలో పెట్టుకొని ఇంటికి వెళ్ళాను.

"ఏం కాత్తదిరా ఇది?" అని అడిగింది అమ్మ.

"ఏమీ కాయదమ్మా. చూడ్డానికి."

"చూడ్డానికా! మనకి చూసే తీరికెక్కడిది?" అంది. అయినా మర్నాడు పొద్దున బియ్యం కడిగిన నీళ్ళు దాని మొదట్లో పోసింది.

తర్వాత ఉద్యోగం వచ్చింది, రెండు సెంట్ల స్థలంలో ఇల్లు కట్టుకున్నాం. నేల మీద చోటు లేక పాత పెయింటు బకెట్లలో మొక్కలు మొదలుపెట్టాను. ఒకసారి కడియపులంక నర్సరీలకు కూడా వెళ్ళాను. పాలకొల్లు మీదుగా బస్సులో సిద్ధాంతం దగ్గర వశిష్ఠ, జొన్నాడ దగ్గర గౌతమి దాటి వెళ్ళాలి. పల్ల వెంకన్న గారి శ్రీ సత్యనారాయణ నర్సరీ పేరు అందరూ వినే ఉంటారు. అక్కడ హైవే పక్కన ఎకరాలకు ఎకరాలు పాలిథిన్ సంచుల్లో మొక్కలే. క్రోటన్‌కు గాలి అంటు కట్టడం అక్కడే చూశాను. కొమ్మ చుట్టూ వేలి వెడల్పున బెరడు తీసి, తడి నాచు పెట్టి, పాలిథిన్ కాగితం చుట్టి కడతారు. వేళ్ళు వచ్చాక కింద కోసి నాటుకోవడమే. నేనిప్పుడు అలాగే కడుతున్నాను.

మా బోరు నీళ్ళు ఉప్పు. వేసవిలో ఆ నీళ్ళు పోస్తే ఆకుల అంచులు మాడిపోతాయి. డ్రమ్ముల్లో వాననీళ్ళు పడతాను, అవి అయిపోయాక కుళాయి నీళ్ళలో మా వాటా తగ్గించుకుంటాం. ఇంకొక్క హెచ్చరిక. పెద్ద ఆకుల మీద తెల్ల మచ్చలుండే డిఫెన్‌బాకియా అందంగానే ఉంటుంది గాని, ఆకులో సూదుల్లాంటి స్ఫటికాలుంటాయి. మా పాప చిన్నప్పుడు కొరికితే నోరు వాచిపోయి ఆస్పత్రికి పరుగెత్తాం. చిన్నపిల్లలున్న ఇంట్లో అది వద్దు.

అమ్మకు ఇప్పుడు చూపు తగ్గింది, లేసు మానేసింది. పొద్దున్నే కుర్చీ వేసుకొని బకెట్ల మధ్య కూర్చుంటుంది. కోలియస్ వెన్ను వేస్తే వేళ్ళతో తడిమి గిల్లేస్తుంది, పూతకు వదిలేస్తే మొక్క సాగిపోయి బోసిపోతుందని. తెల్లచారల మొక్కలో పూర్తిగా పచ్చని కొమ్మ వస్తే మాత్రం ఆమె గిల్లనివ్వదు. అది బలంగా పెరిగి చారల కొమ్మలను మింగేస్తుందని ఎంత చెప్పినా "కష్టపడేది అదే కదరా, ఉండనీ" అంటుంది. మాకు రోజూ ఇదే తగువు. ఆమె చూడనప్పుడు నేను కోసేస్తాను.

ఆ మేడ ఇప్పుడు లేదు. పడగొట్టి అపార్టుమెంటు కట్టారు. గోడా లేదు, క్రోటనూ లేదు. దాని కొమ్మలు మాత్రం మా పేటలో చాలా ఇళ్ళ ముందు ఉన్నాయి. ఎవరడిగినా అమ్మే అంటు ఇప్పించి పంపుతుంది.

హాస్టల్ వెనక నేను పాతిన మొక్క కొత్త భవనం కట్టినప్పుడు పోయిందని తమ్ముళ్ళు చెప్పారు. వార్షికోత్సవానికి వచ్చేటప్పుడు వేళ్ళు వచ్చిన అంట్లు ఆరు తెస్తాను. కుళాయి దగ్గర, పొద్దుటి ఎండ పడే చోట గోతులు తీసి ఉంచండి. నాటేటప్పుడు పాత చొక్కాలు వేసుకోండి, పాలు అంటితే మరక పోదు.