అడిగే వీలున్న తెర

చదువంటే గురువు చెప్పడమే కాదు, శిష్యుడు అడగడం కూడా. 1975 ఆగస్టు నుంచి ఒక ఏడాది పాటు, అమెరికా ఉపగ్రహం సాయంతో, మన దేశంలోని 2,400 పల్లెలలో పిల్లలు టెలివిజన్ పాఠాలు చూశారు. చూడగలిగారు, వినగలిగారు, అడిగే వీలు మాత్రం లేకపోయింది. 2004 సెప్టెంబరు 20న శ్రీహరికోట నుంచి ఎగిరిన ఎడ్యుశాట్‌తో కొన్ని కేంద్రాలలో ఆ వీలూ కలిగింది. నేడు వీడియో కాన్ఫరెన్సు, తెలుగు చెప్పేవారు దొరకని దూరపు బడికి సైతం గురువును ఎదుట నిలపగలదు. అయితే వెనుక వరుసలో నోరు విప్పని పిల్లవాడి సందేహాన్ని తెర పసిగట్టలేదు. వాని భుజం తట్టి అడిగించవలసింది ఆ గదిలో ఉన్న ఉపాధ్యాయుడే. ఎవరూ అడగని తరగతిలో ఆ తెర మళ్ళీ వట్టి టెలివిజనే.