శక్తికి తగిన తపస్సు

“ముందు చదువు, ఆ తరువాత ఉద్యోగము, అటుపిమ్మట ఒడలు” అని మన యిండ్లలో పెద్దలు పిల్లలకు బోధించుచుందురు. నేనును ఉపాధ్యాయవృత్తిలో ప్రవేశించిన నాటినుండి ఈ పాఠమునే చెప్పుచు వచ్చితిని. ఆటస్థలమునుండి చెమటతో వచ్చిన విద్యార్థిని, పరీక్ష దగ్గఱపడినదని మందలించితిని. అర్ధరాత్రివఱకు పుస్తకము విడువని వానిని నలుగురిలో మెచ్చుకొంటిని. ఈ బోధయందు దోషమున్నదని నాకు తెలియజేసినది ఏ శాస్త్రగ్రంథమును గాదు. మా యింటి పిల్ల పడిన పాటు. ఆ పాటులో నా తప్పెంతయో ఒప్పుకొనుటకే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

మా అక్కగారి కుమార్తె బి.యస్‌సీ. ముగించి, 2019వ సంవత్సరమున ఖమ్మములోని మా యింటికి వచ్చి, ఉద్యోగపరీక్షలకు చదువ నారంభించెను. వచ్చిననాడు ఆమె బరువు 58 కిలోలు. పల్లెలో నున్నప్పుడు నీళ్లు మోయుట, గేదెలకు మేత వేయుట, కళాశాల బస్సునకై మైలు దూరము నడచుట ఆమెకు నిత్యకృత్యములు. పట్టణమునకు వచ్చినపిదప ఆమె లోకమంతయు ఒక కుర్చీ, ఒక బల్ల, ఒక పుస్తకముల గుట్ట. ప్రకటన నేడు వచ్చును, రేపు వచ్చును అని ఎదురుచూచుటలో మూడేండ్లు గడచెను. నడుమ 2020లో కరోనా వచ్చి గడప దాటుటను గూడ మాన్పించెను. నిద్ర రాకుండుటకు టీ, టీతో బిస్కత్తులు, దిగులు తోచిన సాయంకాలములందు వీధి చివరి మిరపకాయబజ్జీలు. 2022 నాటికి ఆమె బరువు 74 కిలోలు. ఎత్తు 158 సెంటీమీటర్లు మాత్రమే. దీనిని సోమరితనమనువారు కలరు. దినమునకు పదుమూడు గంటలు చదువు పిల్ల సోమరి యెట్లగును? కదలుటకు తావు లేదు, నిద్ర చాలదు, నిద్ర చాలనివారికి ఆకలి హెచ్చునని నేటి వైద్యులు చెప్పుచునే యున్నారు.

ఆ యేడే ఆమెను రెండు తక్కెడలు ఒక్కమాఱు తూచినవి. పెండ్లిచూపులకు వచ్చిన పెద్దావిడ యొకరు కాఫీ త్రాగుచు, “పిల్ల కళగానే ఉంది గాని, కొంచెం ఒళ్లు తగ్గితే బాగుంటుంది” అని చెప్పిపోయిరి. తెలంగాణ పోలీసు నియామకముల ప్రకటన ఏప్రిలులో వెలువడెను. 200 మార్కుల ప్రాథమిక పరీక్షలో నెగ్గిన స్త్రీలు 800 మీటర్లు 5 నిమిషముల 20 సెకండ్లలో పరుగెత్తవలెను. రెండున్నర మీటర్లు దుముకవలెను. 4 కిలోల ఇనుపగుండును 4 మీటర్ల దూరము విసరవలెను. పెండ్లివా రడిగినది సన్నని ఒడలు. ప్రభుత్వ మడిగినది పరుగెత్తగల ఒడలు. ఈ రెండును ఒకటి గావని మాలో నెవ్వరికిని తోచలేదు.

ఒకటే యని తలచి ఆమె వ్రతము పట్టెను. ఉదయము తేనె కలిపిన నిమ్మనీరు, మధ్యాహ్నము ఒక జొన్నరొట్టె, రాత్రి ఏమియు లేదు. తెల్లవాఱుజామున నాలుగున్నరకు లేచి, వీధిలో కుక్కలను తప్పించుకొనుచు, పాలబండివారి చూపులను ఓర్చుకొనుచు పరుగు. పిదప రాత్రి పండ్రెండు గంటలదాక చదువు. మొదటి నెలలోనే నాలుగు కిలోలు తగ్గెను. అందఱును సంతోషించిరి. నేనందఱికంటె నెక్కువగ సంతోషించి, ఇంటికి వచ్చిన ప్రతివారితోను “మా యింట అపర్ణ వెలసినది” అని చెప్పుకొంటిని. శివునికై తపము చేయుచు తుదకు ఆకులు తినుటయు మానినందున పార్వతికి వచ్చిన పేరది. సంస్కృతము చదువుకొన్నవాడనైనందుకు నాకు దొరకిన ఉపమానమిది. ఉపవాసముండినది ఆమె; పాండిత్యము ప్రకటించుకొన్నది నేను.

జూలైలో మాదిరిపరీక్షల మార్కులు దిగజాఱ సాగెను. 120 వచ్చుచుండినచోట 90 వచ్చెను. ఒకనాటి రాత్రి ఆమె పుస్తకము మూసి, “మామయ్యా, చదివిన పేజీనే మళ్లీ మళ్లీ చదువుతున్నాను. అక్షరాలు కనబడుతున్నాయి, అర్థం నిలవడం లేదు” అనెను. “ఏకాగ్రత కావలెనమ్మా” అని నేను ఉపదేశించితిని. మూడవనాటి ఉదయము పరుగునుండి వచ్చి మేడమెట్లపై తెలివి తప్పి పడెను.

వైద్యురాలు నెత్తురు పరీక్ష చేయించెను. స్త్రీలకు హిమోగ్లోబిను 12 గ్రాములకు తగ్గరాదు. మా పిల్లకు 8.6 ఉండెను. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15 మొదలు 49 ఏండ్ల వయసుగల మన దేశపు స్త్రీలలో నూటికి 57 గురు రక్తహీనులని తేలినది. కావున ఇది మా యింటి వింత గాదు. వైద్యురాలు నా వైపు తిరిగి, “ఈ అమ్మాయి రోజూ ఏం తింటోంది? ఎన్ని గంటలు నిద్రపోతోంది?” అని యడిగెను. ఆమె మార్కులన్నియు నాకు కంఠస్థములు. ఈ రెండు ప్రశ్నలకు మాత్రము నాయొద్ద సమాధానము లేకపోయెను.

ఆ రాత్రి నేను కుమారసంభవము తీసితిని. ఐదవ సర్గలో తపస్సు చేయుచున్న పార్వతియొద్దకు శివుడు బ్రహ్మచారి వేషమున వచ్చును. ధర్మసాధనములలో శరీరమే మొదటిదని అతడు చెప్పిన మాట వ్యాయామశాలల గోడలపై గూడ వ్రాయబడి, లోకోక్తియైనది. ఏండ్లతరబడి నేనును దానిని పిల్లలచేత వల్లె వేయించితిని. కాని ఆ మాటకు ముందు అతడు మూడు ప్రశ్న లడిగెనని ఆ రాత్రియే నా మనసునకు తట్టెను. హోమమునకు కావలసిన సమిధలు, దర్భలు సులభముగా దొరకుచున్నవా? స్నానమునకు తగిన నీరున్నదా? నీ శక్తికి తగినంతగనే తపస్సు చేయుచున్నావా? పరీక్షింప వచ్చినవాడే మొదట సామగ్రి సంగతి యడిగెను. పిదప శక్తి సంగతి యడిగెను. అటుపిమ్మటనే శరీరము మాట యెత్తెను. నేనో, సామగ్రి నడుగలేదు, శక్తి నడుగలేదు. తపస్సును మాత్రము పొగడితిని.

మఱునాటినుండి సామగ్రి కూర్చుటకు మొదలిడితిమి. మొదటిది స్థలము. మా పాఠశాల ఆటస్థలమున తెల్లవాఱగనే పట్టణములోని పురుషులు నడుచుచుందురు. ఆడుపిల్ల పరుగెత్తుటను ఎన్నడును చూచియుండలేదు. ప్రధానోపాధ్యాయుని యనుమతితో, ఐదున్నర మొదలు ఆఱున్నర వఱకు 200 మీటర్ల చుట్టు నొకదానిని సున్నముతో గీచి ఆడుపిల్లల కేర్పఱచితిమి. నా భార్య తోడు నిలిచెను. వారము తిరుగకముందే మఱి ఆఱుగురు పిల్లలు వచ్చిరి. “ఆడపిల్లలు ప్యాంట్లు వేసుకుని ఇక్కడ పరుగులేమిటి మాస్టారూ?” అని ఒక పెద్దమనిషి యడిగెను. “రేపు దొంగను పట్టవలసివచ్చినప్పుడు చీర కుచ్చెళ్లు సవరించుకొనుచు పరుగెత్తుమందురా?” అని నా భార్య బదులు చెప్పెను. ఆయన నవ్వి తన నడక తాను సాగించెను.

రెండవది ఆహారము. అన్నము మానిపింపలేదు, ఒక గరిటె తగ్గించి, పప్పు, ఆకుకూర, మజ్జిగ పెంచితిమి. ఉదయము ఉడికించిన గుడ్డు, సాయంకాలము బిస్కత్తులకు మాఱుగ గుప్పెడు వేరుసెనగలు; వైద్యురాలు వ్రాసిన ఇనుపధాతువు మాత్రలు. మూడవది నిద్ర: ఏడు గంటలు. దీనికై చదువును పదుమూడు గంటలనుండి తొమ్మిదికి తగ్గించవలసివచ్చెను. ఆమె భయపడెను, నేనును లోలోపల భయపడితిని. కాని ఆగస్టునాటికి మాదిరిపరీక్షలలో పోయిన మార్కులన్నియు తిరిగి వచ్చి, ఇంకొక అయిదు అదనముగ వచ్చెను. చదివిన గంటలు వేఱు, తలకెక్కిన గంటలు వేఱు అని అప్పటికి గాని నాకు తెలియలేదు.

ఇచట లెక్కల మాస్టరువలె ఒక చిన్న లెక్క చెప్పుదును. వారమునకు 10,080 నిమిషములు. పెద్దవారు వారమునకు 150 మొదలు 300 నిమిషముల వఱకు ఒక మోస్తరు శ్రమ చేయవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పినది. 150 నిమిషములనగా నూటికి ఒకటిన్నర వంతు. ఈపాటి కాలము ఏ చదువును హరింపదు. తగ్గదలచినవారికి వారమునకు అరకిలో చొప్పున తగ్గుట క్షేమమనియు, దినమునకు వెయ్యి కేలరీలకు లోబడి తినరాదనియు హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ తన ఆహార మార్గదర్శకములలో చెప్పుచున్నది. మన వాగ్భటుడు అష్టాంగహృదయములో, బలవంతులు గూడ తమ శక్తిలో సగము మేరకే వ్యాయామము చేయవలెననెను. దేశకాలములు వేఱైనను ఈ మాటల సారమొక్కటే: కొలత యుండవలెను, ఆ కొలత మనిషి శక్తినిబట్టి యుండవలెను.

ఆమె ప్రాథమిక పరీక్షలో నెగ్గెను. డిసెంబరులో మైదానమునకు పోవునాటికి బరువు 66 కిలోలు. మా సున్నపు చుట్టుపై నాలుగు చుట్లు, చుట్టునకు 80 సెకండ్లు మించరాదని అయిదు నెలలు అభ్యసించిన కాళ్లు అచట 5 నిమిషముల 4 సెకండ్లలో గమ్యము చేరెను. దుముకుట, గుండు విసరుట గూడ నెగ్గెను. కాని 2023 ఏప్రిలున జరిగిన తుది వ్రాతపరీక్షలో కొలది మార్కులు తక్కువై ఉద్యోగము రాలేదు.

“అంత పరుగెత్తి ఏం లాభం?” అని బంధువులడిగిరి. వెనుకటి పద్ధతిలో నడచియుండినచో ఆ ఓటమినాటికి ఆమెకు నెత్తురు లేదు, నిద్ర లేదు, ఉద్యోగమును లేదు. ఇప్పుడు పోయినది ఉద్యోగ మొక్కటియే. మఱునాటి యుదయము ఐదున్నరకు ఆమె ఆటస్థలమున నుండెను. నే డొక దుకాణములో లెక్కలు వ్రాయుచు, సాయంకాలములందు తక్కిన పరీక్షలకు చదువుచున్నది. పరుగు మానలేదు. తూకపుయంత్రము మాత్రము మంచము క్రిందికి పోయినది.

నా విద్యార్థులలో పలువురు పట్టణములలో ఒక్కొక్క గదికి నలుగురు చొప్పున వసతిగృహములందుండి చదువుచున్నారు. వారికి మైదానము లేదు, కోరిన కూర లేదు. వారిని “ఒళ్లు పెంచుకొన్నారు” అని వెక్కిరించుట క్రూరత్వము. కడుపు మాడ్చుకొనుమనుట అంతకంటె క్రూరత్వము. పాఠశాలల ఆటస్థలములు ఉదయము ఒక గంట వారికి తెఱచియుంచవచ్చును. శిక్షణాలయములవారు రెండు గంటల కొకమాఱు పది నిమిషములు లేచి నడువనీయవచ్చును. వల్లె వేయవలసినది నడుచుచునే వల్లె వేయవచ్చును. వీనిలో దేనికిని ధనము అక్కఱలేదు.

ఇంటి పెద్దలకు ఒక్క మనవి. చదువుకొను పిల్ల మీ యింట నున్నచో, ఎన్ని మార్కులు వచ్చినవని యడుగుడు, వలదనను. కాని దానికి ముందు, “ఏమి తింటివమ్మా? రాత్రి ఎన్ని గంటలకు పడుకొంటివి?” అని యడుగుడు. నే నీ ప్రశ్నలు నేర్చుకొనుటకు మా పిల్ల మేడమెట్లపై పడవలసివచ్చెను. మీ పిల్లకు ఆ యవసరము రానీయకుడు.