చిన్నబడి ఏడాది లెక్క

ఏడాది చివర లెక్క చూసుకోవడం అన్ని వృత్తులలోనూ ఉంది. రైతు పంట ఇంటికి చేరాక గింజలు కొలుచుకుంటాడు. వర్తకుడు మార్చి నెలాఖరున ఖాతాపుస్తకాలు ముగిస్తాడు. బడికి ఆ ఘడియ ఏప్రిల్ చివరివారంలో వస్తుంది. పట్టణాలలోని పెద్ద విద్యాసంస్థలలో ఆ సందర్భానికి రంగురంగుల దీపాలు, ఎత్తైన వేదిక, ముఖ్య అతిథి ఉపన్యాసం ఉంటాయి. మరునాడు పత్రికలలో ఛాయాచిత్రాలు కూడా వస్తాయి. ఊరి చివర వేపచెట్టు నీడన నడిచే చిన్నబడికి ఇవేవీ ఉండవు. అక్కడ ఏడాది ముగిసిన సంగతి ఊరిలో సగం మందికి తెలియదు. అయినా ఆ బడికీ ఒక లెక్క ఉంది. అది మార్కులతో మాత్రమే తేలే లెక్క కాదు.

నేను పనిచేసే ప్రాథమిక పాఠశాల కర్నూలు జిల్లా పడమటి భాగంలో ఉంది. రెండు గదులు, ఒక వరండా, ముంగిట ఒక వేపచెట్టు, ఇద్దరు ఉపాధ్యాయులు. 2024–25 విద్యాసంవత్సరంలో ఐదు తరగతులకూ కలిపి 24 మంది పిల్లలు. చూడడానికి ఇంతే అయినా ఈ రెండు గదుల వెనుక ఒక దేశపు సంకల్పం ఉంది. 1986 నాటి జాతీయ విద్యావిధానాన్ని అనుసరించి, ప్రతి ప్రాథమిక పాఠశాలకూ కనీసం రెండు గదులు, ఇద్దరు ఉపాధ్యాయులు ఉండాలన్న ఆశయంతో 'ఆపరేషన్ బ్లాక్‌బోర్డ్' మొదలైంది. 2010 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టం కూడా 60 మంది వరకు పిల్లలున్న ప్రాథమిక పాఠశాలకు ఇద్దరు ఉపాధ్యాయులను నిర్దేశించింది.

కాగితం మీద ఇది సులభమైన లెక్కే. ఆచరణలో ఒకరికి రెండు తరగతులు, మరొకరికి మూడు తరగతులు వస్తాయి. ఒకటవ తరగతి వారిచేత అక్షరాలు దిద్దించే వేళకు ఐదవ తరగతి వారి భిన్నాలు నల్లబల్ల మీద సగంలో ఆగి ఉంటాయి. అందువల్ల మా బడిలో పెద్దపిల్లలు చిన్నపిల్లలకు పాఠం చెప్పడం ఒక అలవాటుగా స్థిరపడింది. చెప్పేవాడు తనకు తెలిసినదానిని మరొకసారి నేర్చుకుంటాడు. వినేవాడు భయం లేకుండా అడుగుతాడు. చిన్నబడిలో ప్రతి పిల్లవానికీ ఎవరో ఒకరు అన్నగానో అక్కగానో ఉంటారు.

మార్చి నడుమ ఒంటిపూట బడులు ప్రారంభం కాగానే మాకు సంవత్సరాంతపు పనులు మొదలవుతాయి. వార్షిక పరీక్షలు జరపాలి. ప్రగతి పత్రాలు నింపాలి. గ్రంథాలయ పుస్తకాలు ఇళ్ల నుండి తిరిగి తెప్పించాలి. భోజనపు పళ్లేలు, గ్లాసులు లెక్కపెట్టి నిల్వ పుస్తకంలో రాయాలి. పళ్లేల లెక్క చిన్నదిగా కనిపించవచ్చు గాని, దాని వెనుకా చరిత్ర ఉంది. బడులలో వండిన భోజనం పెట్టాలని 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు ఆదేశించింది. ఆంధ్రప్రదేశ్‌లో 2003 జనవరిలో ఆ పథకం అమలుకు వచ్చింది. సెలవుల కోసం పిల్లలందరూ ఎదురుచూస్తారని మనం అనుకుంటాం. పొలం పనికి తెల్లవారుజామునే వెళ్లే తల్లుల బిడ్డలకు మాత్రం సెలవు అంటే మధ్యాహ్నపు వేడి అన్నం లేని రోజు కూడా.

ఈ పనులన్నిటి నడుమ పిల్లలు ఆశగా ఎదురుచూసేది గోడపత్రిక చివరి సంచిక కోసం. వరండా గోడకు ఒక పాత అట్టను తగిలించి, నెలకొకసారి దానిపై పిల్లలు రాసిన కాగితాలు అంటిస్తాం. అందులో వార్త రాయడానికి మేము పెట్టిన నియమాలు రెండే. వార్త నిజమై ఉండాలి. రాసినవారు దానిని కంటితో చూసి ఉండాలి. సంవత్సరాంతపు సంచికకు మాత్రం మరొక నియమం ఉంది. ఏడాది మొత్తంలో మరచిపోకూడని సంగతులనే అందులో రాయాలి.

2025 ఏప్రిల్ సంచికలో పిల్లలు రాసిన వార్తలలో కొన్ని ఇవి. "వేపచెట్టు మీద కాకి గూడు పెట్టింది. ఆ కొమ్మకు ఎవ్వరమూ రాళ్లు వేయడం లేదు." "బొప్పాయి చెట్టు పదకొండు కాయలు కాసింది. పది మనం తిన్నాం. ఒకటి కోతి తిన్నది." "రెండవ తరగతిలో ముగ్గురికి ముందుపళ్లు ఊడాయి. అందుకని వాళ్లు పద్యం చెప్పినప్పుడు నవ్వకూడదు." "తుంగభద్ర ఎక్కడ పుట్టి ఎక్కడ కృష్ణలో కలుస్తుందో నాలుగవ తరగతి వాళ్లు పటంలో చూపిస్తారు." "వంట చేసే పెద్దమ్మకు మోకాలి నొప్పి. మన పళ్లేలు మనమే కడుక్కుంటున్నాం."

వీటి కింద ఐదవ తరగతి బాలిక గుండ్రని అక్షరాలతో రాసిన వార్త ఒకటి ఉంది. "సంక్రాంతి తరువాత ఆరుగురు సుగ్గికి పోయారు. ఉగాదికి ఐదుగురు వచ్చారు. ఒకడు రాలేదు."

సుగ్గి అన్న మాట మా ప్రాంతంలో అందరికీ తెలుసు. వానలు చాలక, ఊరిలో పనులు దొరకక కుటుంబాలు గుంటూరు, పల్నాడు ప్రాంతాలకు మిరపకోతకు తరలిపోవడాన్ని ఇక్కడ సుగ్గికి పోవడం అంటారు. ఇంటికి తాళం పడితే బడిలో ఒక చోటు ఖాళీ అవుతుంది. అటువంటి పిల్లల కోసం ప్రభుత్వం సీజనల్ హాస్టళ్లు నడిపే ఏర్పాటు చేసింది. కొందరు పిల్లలు అవ్వతాతల వద్ద ఉండిపోతారు. మిగిలినవారు తల్లిదండ్రుల వెంట వెళతారు. ఆ వార్త రాసిన బాలిక అవ్వ దగ్గర ఉండి చదువుకున్నది. తిరిగి రాని ఆ 'ఒకడు' ఆమె తమ్ముడు. వాడు నాలుగవ తరగతి. ఆ సంగతి ఆమె వార్తలో రాయలేదు. బడిలో తెలియనివారూ లేరు.

ఏప్రిల్ 22న సాయంత్రం వార్షికోత్సవం జరిపాం. వేపచెట్టు కిందనే వేదిక. పక్కింటి నుండి తెచ్చిన రెండు నులకమంచాలు, ఊరి భజన బృందం వారి మైకు మాకున్న సంపద. ఒకప్పుడు మన పల్లెలలో వీధిబడులు ఉండేవి. దసరా రోజులలో అయ్యవారు పిల్లలను వెంటబెట్టుకొని ఇంటింటికీ వెళ్లేవారు. పిల్లలు రంగుకాగితాల విల్లంబులు పట్టుకొని పద్యాలు పాడేవారు. గృహస్థులు అయ్యవారికి కానుక, పిల్లలకు పప్పుబెల్లాలు ఇచ్చేవారు. ఆ ఆచారంలో అయ్యవారి జీవనోపాధి ఎంత ఉన్నదో, బడి ఏమి నేర్పుతున్నదో ఊరివారు తమ గుమ్మంలోనే విని తెలుసుకొనే అవకాశమూ అంత ఉండేది. ఇప్పుడు బడి ఇంటింటికీ వెళ్లదు. కనుక ఏడాదికి ఒక్కసారైనా ఊరు బడికి రావాలి.

పెద్ద పాఠశాలల ఉత్సవాలలో బాగా ఆడేవారు, పాడేవారు వేదిక ఎక్కుతారు. మిగిలినవారు చప్పట్లు కొడతారు. 24 మంది ఉన్న బడిలో చప్పట్లు కొట్టడానికే మిగిలేవారు ఉండరు. కోలాటానికి పన్నెండుమంది కావాలంటే సగం బడి కావాలి. అందరికీ పాత్ర ఉండాలన్న ఆలోచనకు నాకు ఒక పుస్తకం కూడా తోడ్పడింది. తెలుగులో 'రైలుబడి'గా వచ్చిన జపాను రచన అది. తన చిన్ననాటి బడిని గురించి తెత్సుకో కురొయనాగి 1981లో ఆ పుస్తకం వెలువరించింది. రైలుపెట్టెలలో నడిచిన ఆ టోక్యో బడిలో దాదాపు యాభైమంది పిల్లలుండేవారు. ఆటల పోటీలలో శరీరం ఎదగని ఒక బాలుడే అన్నిటా ముందుండేలా ప్రధానోపాధ్యాయుడు ఆటలను రూపొందించాడు. బహుమతులుగా కూరగాయలు ఇచ్చాడు. మేమూ పరుగుపందెంతో పాటు కళ్లు మూసుకొని ఆకును వాసనతో గుర్తుపట్టే పోటీ పెట్టాం. తరగతిలో నోరు విప్పని ఒకటవ తరగతి పాప తొమ్మిది ఆకుల పేర్లు చెప్పింది. వాళ్ల అమ్మ ఆ రోజు మొదటిసారి బడి ప్రాంగణంలో బిగ్గరగా నవ్వింది.

చివర గోడపత్రికను ఐదవ తరగతి వారు మైకులో చదివారు. బొప్పాయి కాయల వార్తకు నవ్వులు వినిపించాయి. సుగ్గి వార్త ఆ బాలికే చదివింది. "ఒకడు రాలేదు" అని చదివి, తల దించుకోకుండా కాగితం మడిచి కూర్చుంది. ఎవ్వరూ చప్పట్లు కొట్టలేదు. ముందు వరుసలో కూర్చున్న ఆమె అవ్వ కొంగుతో ముఖం తుడుచుకుంది.

ఆ తరువాత అక్కడే పాఠశాల యాజమాన్య కమిటీ సమావేశమైంది. విద్యాహక్కు చట్టం ప్రకారం ఆ కమిటీలో కనీసం నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు, సంరక్షకులు ఉండాలి. మొత్తం సభ్యులలో సగం మంది స్త్రీలై ఉండాలి. చాలాచోట్ల ఈ సమావేశాలు సంతకాలతో ముగుస్తాయి. ఆ రోజు మాత్రం మాట సంతకాన్ని దాటి వెళ్లింది. ఐదవ తరగతి పూర్తి చేసిన ఐదుగురూ ఉన్నత పాఠశాలకు వెళ్లాలి. అది మూడు కిలోమీటర్ల దూరంలో ఉంది. నడుమ కాలువ, దాని తరువాత లారీలు తిరిగే రోడ్డు ఉన్నాయి. ఆ బాలికను కూడా వచ్చే సుగ్గికి తీసుకుపోవాలని తల్లిదండ్రులు ఫోనులో చెప్పారట. మేస్త్రి వద్ద తెచ్చుకున్న అప్పు ఇంకా తీరలేదు. పదేళ్లు దాటిన పిల్ల చేతులు కూడా వారి లెక్కలోకి వచ్చాయి.

అవ్వ లేచి నిలబడి అన్నది: "సారూ, పిల్లను నాకాడనే పెట్టుకుంటా. ఒగతే పోవాలంటే నాకు బయం. దోవలో తోడెవరన్నా ఉంటే పంపిస్తా."

ఆమె అడిగింది ధనసహాయం కాదు, దారిలో తోడు. తొమ్మిదవ తరగతికి వెళుతున్న ఇద్దరు బాలికలు ఆ గుంపులోనే ఉన్నారు. ఇద్దరూ మా బడిలో చదివినవారే. ఐదుగురినీ వెంటబెట్టుకొని తీసుకువెళతామని వారు ముందుకు వచ్చారు. అప్పుడే కమిటీ సభ్యురాలు ఒకామె ఆ తల్లిదండ్రులకు ఫోను చేసి, అవ్వ చేతికి ఇచ్చింది. అవ్వ దూరంగా వెళ్లి చాలాసేపు మాట్లాడింది. ఏమి మాట్లాడిందో మేము అడగలేదు. తిరిగి వచ్చి "సరేనన్నారు" అని ఒక్కమాట చెప్పి కూర్చున్నది.

మరునాడు, అనగా ఏప్రిల్ 23న, చివరి పనిదినం. ఐదుగురికి బదిలీ ధ్రువపత్రాలు రాశాను. ఆ పత్రం ఆలస్యమైనంత మాత్రాన మరొక బడి ప్రవేశం నిరాకరించరాదని చట్టం చెబుతున్నది. అయినా బయలుదేరేవారి చేతిలో కాగితం ఉంటే అడుగు ధైర్యంగా పడుతుంది. నేను రాస్తుండగా ఆ బాలిక బల్ల పక్కన నిలబడి "సార్, టి.సి. ఇస్తే నా పేరు కొట్టేస్తారా?" అని అడిగింది.

నేను ప్రవేశపు పుస్తకం తెరిచి చూపించాను. హాజరు పట్టికలు ఏటికేడాది మారుతాయి. వెళ్లినవారి పేరు మరుసటి ఏడాది పట్టికలో ఉండదు. ప్రవేశపు పుస్తకం అలా కాదు. అందులో ప్రతి పిల్లవానికీ ఒక వరుస సంఖ్య ఉంటుంది. బడి విడిచినప్పుడు పేరు కొట్టివేయరు. ఎదురుగా ఉన్న గడిలో వెళ్లిన తేదీ మాత్రం రాస్తారు. ఆమె తన పేరు మీద వేలు ఉంచి, పుటలు వెనక్కి తిప్పించి, వాళ్ల అమ్మ పేరు కూడా వెతికింది. అమ్మ మూడవ తరగతిలో బడి మానిన తేదీ ఆ గడిలో ఉంది. కొద్దిసేపు దానిని చూసి, తన ధ్రువపత్రం తీసుకొని వెళ్లింది.

జూన్ 12న బడి తిరిగి తెరిచాం. 24 మందిలో ఐదుగురు వెళ్లగా 19 మంది మిగిలారు. అంగన్‌వాడీ నుండి నలుగురు వచ్చి చేరారు. వార్షికోత్సవం నాడు నులకమంచం మీద కూర్చుని కోలాటం చూసినవారే ఆ నలుగురూ. మొత్తం 23. ఒకరు తగ్గారు. చిన్నబడికి ఆ ఒక్కరే పెద్ద లెక్క. ఏటా ఒకరు తగ్గుతూ పోతే ఏదో ఒకనాడు గదులు ఉంటాయి గాని బడి ఉండదు. అందుకే చేరికలు పెంచడం కోసం ఉపాధ్యాయులు ఇల్లిల్లూ తిరుగుతారు. ఆ తమ్ముడు వారం ఆలస్యంగా వచ్చి ఐదవ తరగతిలో తన చోట కూర్చున్నాడు. మూడు నెలలకు పైగా పాఠాలు వానికి బాకీ ఉన్నాయి. సాయంత్రాలు వాళ్ల అక్క ఆ బాకీ తీరుస్తున్నది.

కళాశాల వరకు వచ్చిన మీ పేర్లు కూడా ఎక్కడో ఒక ప్రాథమిక పాఠశాల ప్రవేశపు పుస్తకంలో ఉన్నాయి. సెలవులకు ఊరు వెళ్లినప్పుడు ఒకసారి ఆ బడికి వెళ్లిరండి. గోడపత్రిక ఉంటే చదవండి. అందులో పేరు రాయని 'ఒకడు' ఉంటే, వాడు ఎవరో అడగండి. వాడిని బడి దాకా తీసుకువెళ్లడానికి డబ్బే కావాలని లేదు. కాలువ దాటే వరకు ఒక తోడు చాలు.