గబ్బిలం ముక్కూ, నేను కొట్టేసిన మూడు లైన్లూ

మా హాల్లో గోడకి గబ్బిలాల బొమ్మ ఒకటి తగిలించాను. "ఎవరైనా దేవుడి పటమో, పిల్లల ఫోటోనో పెట్టుకుంటారు, ఇదేం ఖర్మండీ" అంది మా ఆవిడ. తన తప్పేం లేదు, ఇంట్లోకి గబ్బిలం దూరితే అరిష్టమనుకునే ఊళ్ల నుంచి వచ్చినవాళ్లం మరి.

ఆ బొమ్మ ఎర్నెస్ట్ హెకెల్ అనే జర్మన్ జీవశాస్త్రవేత్తది. 1899 నుంచి 1904 దాకా వంద ప్లేట్లుగా వచ్చిన ఆయన పుస్తకంలో 67వ ప్లేటు. పేజీ నిండా గబ్బిలాల ముఖాలే. తలకాయని మించిన చెవులు, వాటిలో మడతలు, కొన్నిటికి ముక్కు మీద ఆకులా లేచిన తోలు. ఒక్క మడత కూడా వదలకుండా గీశాడు మహానుభావుడు.

తమాషా ఏంటంటే, ఆ ఆకు అసలు చేసే పనేమిటో అప్పటికి ఎవరికీ తెలీదు. కళ్లు పోయిన గబ్బిలాలు కూడా చక్కగా ఎగురుతాయని 1790లలోనే ఇటలీలో స్పల్లాంజానీ కనిపెట్టాడు. చెవులు మూస్తే మాత్రం గుద్దుకుంటాయని జెనీవాలో జూరీన్ చూశాడు. మరి అంత నిశ్శబ్దంలో అది వినేదేమిటి? 1938లో హార్వర్డ్ విద్యార్థి డొనాల్డ్ గ్రిఫిన్, పియర్స్ అనే ఫిజిక్స్ ప్రొఫెసరు తయారుచేసిన యంత్రం ముందు గబ్బిలాల్ని పెడితేగానీ మన చెవికందని వాటి అరుపులు బయటపడలేదు. ఆకుముక్కు గబ్బిలాలు చాలావరకు ఆ అరుపుని ముక్కులోంచే వదులుతాయి. టార్చిలైటులో బల్బు చుట్టూ ఉండే గిన్నెలాగా ఆ ఆకు ధ్వనిని ఒక దిక్కుకి మళ్లిస్తుంది. అంటే హెకెల్ తనకి తెలియని విషయాన్ని కూడా భద్రంగా దాచిపెట్టాడన్నమాట.

అలాగని ఆయన్ని నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. 1868లో రాసిన పుస్తకంలో కుక్క, కోడి, తాబేలు పిండాలు ఒకేలా ఉంటాయని చూపించడానికి ఒకే అచ్చుని మూడుసార్లు వేశాడు. పట్టుబడి, తర్వాతి ముద్రణలో మార్చుకున్నాడు. అక్కడ తెలిసిందే గీశాడు, ఇక్కడ చూసింది గీశాడు. అదే మనిషి!

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, కొన్నేళ్ల క్రితం మా టీములో ఓ కుర్రాడుండేవాడు. బగ్ రిపోర్టులో పనికిరానివన్నీ రాస్తాడని నాకు చిరాకు. ఓసారి డేటాబేస్ కనెక్షన్లు తెగిపోతుంటే, ఏ టైముకి తెగింది, ఆ టైముకి ఇంకే జాబులు నడుస్తున్నాయి అని మూడు లైన్లు రాశాడు. "కారణం నెట్‌వర్కేలేవోయ్, ఈ చెత్తంతా ఎందుకు" అని నేనే కొట్టేశాను. "చూసింది రాశానన్నా, అంతే" అన్నాడు.

రెండు నెలలు నెట్‌వర్కువాళ్లతో తగువులాడాం. చివరికి తేలిందేంటయ్యా అంటే, అర్ధరాత్రి నడిచే బ్యాకప్ జాబు. అతను రాసిన జాబుల్లో మొదటిది అదే. అప్పటికి అతను వేరే కంపెనీకి వెళ్లిపోయాడు. వెళ్లేముందు అతని అప్రైజల్‌లో "క్లుప్తంగా రాయడం నేర్చుకోవాలి" అని రాసింది కూడా నేనే.

ఈమధ్యే ఫోన్ చేసి సారీ చెప్పాను. "ఏ బగ్గన్నా?" అన్నాడు. అతనికి గుర్తే లేదు. నాకు మాత్రం ఆ గోడవైపు చూసినప్పుడల్లా గుర్తొస్తుంది.